ఆరేళ్లుగా రోజువారీ లెన్సులతో: ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ అనుభవం

నేను కంటి డాక్టర్ని కాదు, నాకు కళ్లజోళ్ల వ్యాపారమూ లేదు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్లకు ఫోటోలు తీయడం నా పని. అమలాపురం, రాజోలు, రావులపాలెం, గోదావరి దాటితే నరసాపురం, పాలకొల్లు. ఎక్కడ ముహూర్తం ఉంటే అక్కడ ఉంటాను. 2019 వైశాఖం నుంచి ఈ రోజు దాకా, పని ఉన్న ప్రతిసారీ, ఒక్క రోజు వాడి పారేసే కాంటాక్ట్ లెన్సులే పెట్టుకుంటున్నాను. అంతకు ముందు రెండేళ్లు నెలవారీ లెన్సులు వాడాను. వాటిని సరిగ్గా చూసుకోక ఎడమ కన్ను మీదికి తెచ్చుకున్నాను. రెండూ వాడినవాణ్ని కాబట్టి, లెన్సులు కొందామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు నాకు తెలిసింది చెప్పాలనిపించింది.

నా సైటు కుడి కన్ను మైనస్ ఆరున్నర, ఎడమ కన్ను మైనస్ ఏడు. ఏడో తరగతిలో బోర్డు కనపడక మొదలైన కళ్లజోడు అది. చదువుకు, బండి నడపడానికి జోడుతో ఏ ఇబ్బందీ లేదు. కెమెరా చేతికొచ్చాకే కష్టం తెలిసింది. కెమెరా వ్యూఫైండర్ పక్కన సైటుకు తగ్గట్టు తిప్పుకునే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. చాలా కెమెరాల్లో అది మైనస్ మూడు, నాలుగు దాకానే తిరుగుతుంది. నాలాంటివాడు జోడు తీసేసి చూస్తే అంతా మసక. జోడు పెట్టుకుని చూస్తే అద్దం అడ్డొచ్చి కన్ను దగ్గరగా ఆనదు, ఫ్రేము అంచులు కనపడవు. పెళ్లికొడుకు మొహం చూసుకుంటూ నొక్కితే మూలన పూజారిగారి చెయ్యి సగం తెగిపోయి ఉండేది.

దానికి తోడు మన కోనసీమ ఉక్కపోత. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పందిట్లో అర్ధరాత్రి కూడా చెమట ఆగదు. ముక్కు మీద జోడు జారుతూనే ఉంటుంది. గట్టిమేళం మొదలై జీలకర్ర బెల్లం పెట్టే ఆ నాలుగు క్షణాల్లో ఒక చెయ్యి జోడు ఎగదోసుకోడానికి పోతే ఆ ఫోటో ఇక రాదు. ఏసీ హాల్లోంచి వంటశాల వైపు వస్తే అద్దాలు తెల్లగా ఆవిరి పట్టేస్తాయి. కరోనా రోజుల్లో మాస్కు కట్టుకుని పెళ్లిళ్లు తీసినవాళ్లను అడగండి, జోడున్నవాళ్లు ఎంత అవస్థ పడ్డారో చెబుతారు. అప్పటికి నేను రోజువారీ లెన్సులకు మారి ఉండటం నా అదృష్టం.

లెన్సుతో మొదటి రోజు నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. మైనస్ జోడు అన్నిటినీ కొంచెం చిన్నవి చేసి చూపిస్తుంది, సైటు ఎక్కువైన కొద్దీ ఆ చిన్నదనం పెరుగుతుంది. లెన్సు నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది కాబట్టి అంత తేడా ఉండదు. మా ఇంటి ముందు నిలబడి చూస్తే కొబ్బరిచెట్లు ఒక్కసారి పెరిగినట్టు అనిపించింది. పక్క చూపు కూడా నిండుగా వచ్చింది, తల తిప్పకుండానే కాలువ గట్టు మీద వచ్చే బండి తెలిసింది. ఇదే కారణంగా లెన్సు నెంబరు, జోడు నెంబరు ఒకటి కావు. నా జోడు ఆరున్నర, ఏడు అయితే లెన్సులు ఆరు, ఆరున్నర. తక్కువ సైటువాళ్లకు ఈ తేడా దాదాపు ఉండదు, మైనస్ నాలుగు దాటాక లెక్కలోకి వస్తుంది. జోడు చీటీ పట్టుకెళ్లి అదే నెంబరు లెన్సు తెచ్చుకోకూడదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఇక 2018 కార్తీకం సంగతి.

నెలవారీ లెన్సులంటే తెలుసు కదా. ఒక జత విప్పితే నెల రోజులు అవే. రాత్రి తీసి, అరచేతిలో సొల్యూషన్, అంటే లెన్సులు శుభ్రం చేసే మందు నీళ్లు, వేసి రుద్ది, కడిగి, చిన్న డబ్బాలో కొత్త సొల్యూషన్ పోసి నానబెట్టాలి. పొద్దున్న ఆ సొల్యూషన్ పారబోసి, డబ్బాను కూడా సొల్యూషన్‌తోనే కడిగి, తెరిచి ఆరబెట్టాలి. మూడు నెలలకోసారి డబ్బా మార్చాలి. మొదటి నాలుగు నెలలు ఇవన్నీ పద్ధతిగా చేశాను. తర్వాత బద్ధకం వచ్చింది. డబ్బాలో నిన్నటి సొల్యూషన్ మీదే నాలుగు చుక్కలు కొత్తది పోయడం, డబ్బాను బోరు నీళ్ల కుళాయి కింద పెట్టి కడగడం, వరుస ముహూర్తాలుంటే రాత్రి లెన్సులతోనే కారు వెనక సీట్లో కునుకు తీయడం. చేసింది అంతా నేనే, లెన్సులను ఏమీ అనడానికి లేదు.

కార్తీకంలో మూడు రోజుల్లో నాలుగు పెళ్లిళ్లు. నాలుగో రోజు పొద్దున్న ఎడమ కన్ను ఎర్రగా, పుసి కట్టి, వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుంది. కండ్లకలక అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చుకుని వేసుకున్నాను. సాయంత్రానికి చూపు పొగమంచులో ఉన్నట్టయింది. మా అమ్మ ఇక ఆగలేదు, బండి మాట్లాడి కాకినాడ తీసుకెళ్లింది.

డాక్టరుగారు కంట్లో పసుపుపచ్చ రంగు చుక్క వేసి, నీలం దీపం పెట్టి చూశారు. ఆ రంగు పుండు ఉన్నచోట పచ్చగా మెరుస్తుందట. నల్లగుడ్డు మీద ఆవగింజలో సగమంత పుండు పడింది. "లెన్సు డబ్బా తెచ్చావా?" అని అడిగారు. జేబులోనే ఉంది. మూత తీసి, లోపల ఇయర్‌బడ్‌తో గీసి నా ముందు పెట్టారు. దూది చివర చేప పొలుసు మీద జిగురులాంటిది సన్నగా సాగింది. రోజూ చూసే డబ్బా, నా కంటికి శుభ్రంగానే కనపడేది. "ముందు జబ్బు పడింది ఈ డబ్బా బాబూ. నీ కన్ను దాన్నుంచి తెచ్చుకుంది" అన్నారాయన.

వారం రోజులు గంటకోసారి చుక్కలు, మొదటి రెండు రోజులు రాత్రి కూడా. అమ్మ ఫోన్లో అలారం పెట్టుకుని లేచి వేసేది. ఒక రాత్రి కరెంటు పోతే టార్చి వెలుతురు కంటికి తగలకుండా గోడ మీదకి తిప్పి పెట్టి, ఆ మసకలో వేసింది. అమ్మకు అంత భయం ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా చిన్నాన్నకు ఒక దాళ్వా (రెండో పంట) కోతల్లో వరి ఆకు కంటికి కోసుకుంది. ఏదో నలక అనుకుని పది రోజులు పసరు పోయించుకున్నాడు. అది ఫంగస్ పుండు. తగ్గేసరికి కంట్లో పువ్వు పడింది, ఆ కన్ను ఇప్పటికీ నీడలే చూస్తుంది. వరి పండించే ఊళ్లలో ఇది కొత్త కాదు. ఆకు, గడ్డి, ఊక, కంకి తగిలి కంట్లో ఫంగస్ పట్టడం మన దేశంలో నల్లగుడ్డు పుండ్లకు పెద్ద కారణాల్లో ఒకటి. నా పుండు బాక్టీరియా వల్ల వచ్చింది కాబట్టి, త్వరగా వెళ్లాం కాబట్టి, చిన్న మచ్చతో పోయింది. ఆ మచ్చ చూపుకు అడ్డం రాని అంచున ఉంది.

డాక్టరుగారు అప్పుడే అకాంతమీబా గురించి చెప్పారు. మట్టిలో, బోరు నీళ్లలో, కుళాయి నీళ్లలో, చెరువుల్లో ఉండే ఏకకణ జీవి అది. లెన్సుకు, డబ్బాకు నీళ్లు తగిలితే అక్కడ చేరి, కంటికి ఎక్కితే నెలల తరబడి వదలదట. మన డెల్టాలో ఎటు చూసినా నీళ్లే. కాలువ, బోదె, చెరువు, రొయ్యల గుంట, నుయ్యి. చేతికి తడి తగలకుండా రోజు గడవదు. 2022లో లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రివాళ్ల పరిశోధన గురించి చదివాను. ఒక్క రోజు వాడి పారేసేవి పెట్టుకునేవాళ్లతో పోలిస్తే, మళ్లీ మళ్లీ వాడే లెన్సులు పెట్టుకునేవాళ్లకు ఈ అకాంతమీబా జబ్బు వచ్చే ముప్పు దాదాపు నాలుగు రెట్లు అని అందులో తేల్చారు. చదువుతుంటే ఆ ఇయర్‌బడ్ చివర సాగిన జిగురే కళ్ల ముందుకొచ్చింది.

పుండు మానిన ఆరు నెలలకు ఆయనే రోజువారీ లెన్సులు పెట్టి చూశారు. నా నల్లగుడ్డు వంపు కొలిచి, ట్రయల్ జత పెట్టి, ఇరవై నిమిషాలు బయట కూర్చోబెట్టి, మళ్లీ దీపం కింద చూసి, రెప్ప కొట్టినప్పుడు లెన్సు ఎంత కదులుతోందో గమనించారు. అసలు కదలకపోతే బిగుతు, మరీ కదిలితే వదులు. ఇది లేకుండా నెట్‌లో ఆర్డరు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి మొదటిసారి అలా చేయకండి. నేను వాడే కంపెనీ పేరు రాయకపోవడానికీ కారణం ఇదే. మన దగ్గర బాష్ అండ్ లాంబ్, ఆల్కాన్, కూపర్‌విజన్, ఇలా చాలా దొరుకుతాయి. నా కంటి వంపుకు కుదిరింది మీ కంటికి కుదరాలని లేదు.

రోజువారీ లెన్సు వాడకం ఎలా ఉంటుందంటే, పొద్దున్న సబ్బుతో చేతులు కడిగి, నూలు పోగులు రాలని తువ్వాలుతో పూర్తిగా తుడుచుకుంటాను. తుడుచుకోవడం కడుక్కోవడమంత ముఖ్యం, వేలికి నీటి చుక్క మిగలకూడదు. వేలి గోరంత ప్లాస్టిక్ గిన్నె మీద వెండి రేకు ఉంటుంది. రేకు లాగితే ఉప్పునీటిలో లేత నీలం రంగు లెన్సు తేలుతూ ఉంటుంది. ఆ రంగు చూపు కోసం కాదు, చేతిలో కనపడటానికి. చూపుడు వేలి మీద పెట్టి పక్కనుంచి చూస్తే గిన్నెలా అంచులు పైకి నిలబడాలి. పళ్లెంలా బయటికి ఒరిగితే తిరగబడిందని అర్థం. కింది రెప్ప లాగి, పైకి చూస్తూ ఆనిస్తే అదే పట్టుకుంటుంది. మొదటి రోజు నాకు నలభై నిమిషాలు పట్టింది, ఇప్పుడు అర నిమిషం. కుడి ఎడమలు కలవకుండా ఎప్పుడూ కుడితోనే మొదలుపెడతాను. రాత్రి తీసి చెత్తబుట్టలో వేస్తాను. అంతే. డబ్బా లేదు, సీసా లేదు, రుద్దుడు లేదు. ప్రతి పొద్దున్నా కంట్లోకి వెళ్లేది ఎవరి చెయ్యీ తగలని, సీలు తీయని కొత్త లెన్సు. నిన్నటి ధూళి, నిన్నటి చెమట, పొగ, కన్నీళ్లలోంచి పేరుకునే మాంసకృత్తులు, నూనె, ఏదీ ఈ రోజుకు రాదు. నెలవారీవి వాడేటప్పుడు ఇరవయ్యో రోజు దాటాక పై రెప్ప లోపల దురదగా ఉండేది. అది లెన్సు మీద పేరుకున్నదాని వల్లేనని, రెప్ప లోపల చిన్న పొక్కుల్లా లేస్తాయని తర్వాత తెలిసింది. ఈ ఆరేళ్లలో ఆ దురద మళ్లీ రాలేదు.

అసలు విలువ తెలిసింది ముమ్మిడివరం దగ్గర ఒక పెళ్లిలో. తలంబ్రాలు. మన పెళ్లిళ్లలో తలంబ్రాల సంబరం తెలిసిందేగా, వధూవరుల కంటే పక్కనున్న బావమరదుల చేతులే ఎక్కువ ఆడతాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని కింది నుంచి తీస్తున్నాను. ఎవరో పళ్లెం అంచు తట్టారు, పసుపు బియ్యం నా మొహం మీద పడింది. కుడి కంట్లో భగ్గుమంది. లెన్సు కింద పసుపు నలక ఇరుక్కుంది. కెమెరా మా కుర్రాడి చేతికిచ్చి పెరట్లోకి పరిగెత్తాను. నా సంచిలో చిన్న సీసాలో ద్రవ సబ్బు, శుభ్రమైన జేబురుమాలు, డాక్టరు రాసిన కంటి తడి చుక్కలు, నాలుగు జతల లెన్సులు ఎప్పుడూ ఉంటాయి. చేతులు కడిగి లెన్సు తీస్తే అంచున పసుపు మరక స్పష్టంగా కనపడింది, వంకాయ గింజంత. అక్కడే అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు లేచొచ్చి, "ఏటి అబ్బాయ్, కంట్లోంచి ఏటి తీశావ్?" అన్నారు. "లెన్సండి, జోడు బదులు" అంటే, సెల్లు దీపం వెలిగించి నా మొహానికి పట్టుకుని, "కానీ, నేను పట్టుకుంటాను, నీ పని నువ్వు చూసుకో" అన్నారు. చుక్కలు వేసి, పది నిమిషాలు కన్ను మూసుకుని, ఎరుపు, మంట తగ్గాయని చూసుకున్నాకే కొత్త లెన్సు పెట్టుకున్నాను. అప్పగింతలకు మళ్లీ పందిట్లో ఉన్నాను. కన్ను నెమ్మదించకపోతే రెండోది కూడా తీసేసి జోడు పెట్టుకునేవాణ్ని. అదే నెలవారీ లెన్సయితే, పసుపు పట్టిందని ఆ పూట పారేయడానికి చెయ్యి రాదు. కడిగి మళ్లీ పెట్టుకునేవాణ్ని. నా సంగతి నాకు తెలుసు.

రోజువారీ లెన్సు నాకు మేలు చేసింది ఇక్కడే. తీసేయడానికి మనసు ఒప్పుతుంది. రాత్రి పని అయ్యాక, కారులో కూర్చుని చేతులు శుభ్రం చేసుకుని, రెండూ తీసి కాగితంలో చుట్టి, జోడు పెట్టుకుంటాను. సొల్యూషన్ తేలేదు, డబ్బా మరిచిపోయాను, ఈ ఒక్క రాత్రికి ఇలాగే పడుకుందాం అనే సాకు మిగలదు. నల్లగుడ్డులో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ప్రాణవాయువు గాలిలోంచి, కన్నీటి పొర గుండా అందుతుంది. లెన్సు పెట్టి పైన రెప్ప కూడా మూస్తే అది అందడం తగ్గిపోతుంది, సూక్ష్మజీవులకు అదే అదను. లెన్సులతో పడుకుంటే ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. రోజువారీ లెన్సయినా ఇందులో మినహాయింపు లేదు. పగటి కునుకు కూడా వద్దన్నారు నాకు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రోజువారీ లెన్సులు పెట్టుకుంటే ఇన్‌ఫెక్షనే రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. వీటిని వాడేవాళ్లకూ వస్తుంది, మురికి చేతులతో పెట్టుకుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. కాకపోతే డబ్బా దారి, డబ్బా కడిగే నీళ్ల దారి మూసుకుపోతాయి. వచ్చినా తీవ్రత తక్కువగా ఉంటుందని డాక్టర్లు గమనించారు.

సుఖం సంగతికొస్తే, మొదటి రెండేళ్లు వాడినవి మామూలు హైడ్రోజెల్, అంటే నీరు పీల్చుకునే మెత్తని ప్లాస్టిక్, నీరు 58 శాతం. పెట్టుకోగానే ఉన్నట్టే తెలియదు. రాత్రి తొమ్మిది దాటి ఏసీ హాల్లో ఉంటే మాత్రం కళ్లు ఎండేవి, రెప్ప కొట్టినప్పుడల్లా లెన్సు పట్టుకుంటున్నట్టుండేది. నీటి శాతం ఎక్కువుంటే తడి ఎక్కువ కదా అనుకుంటాం. డాక్టరుగారు వేరేలా చెప్పారు. పాత రకంలో ప్రాణవాయువు నీటి ద్వారానే లోపలికి వెళ్లాలి, ఆ నీరు ఆరిపోతూ ఉంటుంది. సిలికోన్ హైడ్రోజెల్ అనే రకంలో సిలికోనే దాన్ని లోపలికి పంపిస్తుంది, నీరు తక్కువున్నా ఫర్వాలేదు. 2021 నుంచి అవే వాడుతున్నాను, రోజుకు పన్నెండు గంటలు దాటనివ్వను. ఖరీదు కొంచెం ఎక్కువ, హాయి చాలా ఎక్కువ. నాలా పొద్దుపోయేదాకా పనిచేసేవాళ్లకు అవి మేలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలేజీకి పెట్టుకునేవాళ్లకు మామూలువి చాలు.

డబ్బు. అందరూ ముందు అడిగేది ఇదే. నాకు ఒక్కో లెన్సు అరవై రూపాయల చొప్పున పడుతోంది, రెండు కళ్లకు రోజుకు 120. రోజూ పెట్టుకుంటే ఏడాదికి నలభై మూడు వేలు దాటుతుంది, అది మా బోటివాళ్లకు బరువే. కానీ నాకు రోజూ అక్కర్లేదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మధ్యలో వచ్చే గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు కలిపితే ఏడాదికి 130 రోజులు. అంటే 15,600. ఆషాఢం, పుష్యం, మూఢాల్లో పెట్టెలు సీలుతో అలాగే ఉంటాయి, రెండు మూడేళ్ల గడువు ఉంటుంది. నెలవారీ లెన్సుకు ఆ వెసులుబాటు లేదు. విప్పిన రోజు నుంచి నెల లెక్క మొదలవుతుంది, నువ్వు పెట్టుకున్నా డబ్బాలో ఉంచినా ముప్పయ్యో రోజుకు పారేయాల్సిందే. లెన్సులు, సొల్యూషను కలిపి నాకు ఏడాదికి తొమ్మిది, పది వేలు అయ్యేది. తేడా ఆరు వేలు. కార్తీకంలో ఆ పుండుకు మందులు, కాకినాడ తిరుగుళ్లు, వదులుకున్న అడ్వాన్సులు కలిపితే అంతకు ఎన్నో రెట్లు పోయింది. వారానికి ఒక్క రోజు మాత్రమే లెన్సు కావాలనుకునేవాళ్లకు, ఆటలకు, డాన్సుకు, ఫంక్షన్లకు పెట్టుకునేవాళ్లకు రోజువారీవి నెలవారీవాటి కంటే చౌక కూడా పడతాయి, లెక్క వేసుకోండి.

పొదుపు కోసం రోజువారీ లెన్సును రాత్రి సొల్యూషన్‌లో వేసి రెండో రోజు పెట్టుకునేవాళ్లను నేనే ఇద్దరిని చూశాను. అది రెండు వైపులా నష్టం. అవి పల్చగా, ఒక్క రోజుకని చేసినవి, నానబెట్టి శుభ్రం చేసి వాడటానికి పనికిరావు. డబ్బు సరిపోనప్పుడు ఆ రోజు జోడు పెట్టుకోవడమే మంచిది.

మన ప్రాంతంలో ఉండేవాళ్లు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆవకాయ రోజుల్లో కారం కలిపిన చేతులతో లెన్సు జోలికి వెళ్లొద్దు. ఒకసారి అమ్మకు సాయం చేసి, రెండుసార్లు సబ్బుతో కడుక్కుని కూడా లెన్సు తీయబోతే కన్ను మండిపోయింది. కారం ఘాటు నూనెలో కలిసి గోళ్ల సందుల్లో ఉండిపోతుంది, మెత్తని లెన్సు దాన్ని పీల్చుకుంటుంది. ఆ రోజు జోడే. నూర్పిళ్లు, కొబ్బరి ఒలుపు జరిగే చోటా జోడే, అది కంటికి కాపు కూడా. లెన్సులతో చెరువులో, కాలువలో, గోదావరిలో మునగడం అస్సలు వద్దు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, లెన్సులున్న పిల్లలకు రేవులో దిగే ముందు తీయించండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద దాటుతున్నప్పుడు గాలికి నీళ్లు మొహాన చిమ్మితే, ఒడ్డు చేరాక నేను ఆ జత మార్చేస్తాను. మే నెలలో లెన్సు పెట్టెలను కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి.

2022 జూలై వరదల్లో, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో, మా స్నేహితులతో కలిసి లంక ఊళ్లకు పడవల మీద నీళ్ల డబ్బాలు, రొట్టెలు పంచడానికి వెళ్లాను. ఆ వారమంతా లెన్సు ముట్టలేదు. బురద నీళ్ల మధ్య, చేతులు కడుక్కునే వీలు లేని చోట ఏ లెన్సూ పెట్టుకోకూడదు. అందుకే కొత్త నెంబరుతో మంచి జోడు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. లెన్సులొచ్చాయి కదా అని పాత జోడుతో సరిపెట్టుకోవద్దు.

లోటు లేదని చెప్పను. అమలాపురంలో నా నెంబరు కుడి కంటికి దొరికితే ఎడమకు ఉండదు, ఆర్డరు పెట్టి వారం ఆగాలి. మైనస్ ఆరు దాటాక అరలు మాత్రమే వస్తాయి, పావు తేడాలు ఉండవు. సిలిండర్ సైటు (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చేది) ఎక్కువున్నవాళ్లకు రోజువారీలో నెంబర్లు ఇంకా తక్కువ. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు దగ్గరవీ దూరంవీ రెండూ చూపించే మల్టీఫోకల్ రకాలు ఉన్నాయి కానీ వాటి గురించి వాడినవాళ్లే చెప్పాలి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది చెత్త. ఏడాదికి 260 లెన్సులు, 260 ప్లాస్టిక్ గిన్నెలు, రేకులు. లెన్సును సింకులో, మరుగుదొడ్డిలో పారేస్తే కరగదు, తునకలై నీళ్లలో ఉండిపోతుంది. మన మురుగు చివరికి ఏ కాలువలో కలుస్తుందో తెలిసిందే. నేను లెన్సులు చెత్తబుట్టలోనే వేస్తాను, గిన్నెలు విడిగా దాచి ప్లాస్టిక్ కొనేవాళ్లకు ఇస్తాను.

ఈ మెత్తని లెన్సు ఎక్కడ పుట్టిందో చదివినప్పుడు మాత్రం ముచ్చటేసింది. ఓటో విక్టర్లే అని చెక్ దేశపు రసాయన శాస్త్రవేత్త, 1961 క్రిస్మస్ రోజుల్లో ఇంట్లో కూర్చుని, పిల్లలు బిగించి ఆడుకునే ఇనుప ముక్కల సెట్టుతో, సైకిల్ డైనమోతో యంత్రం కట్టి, దాని మీద గిరగిరా తిప్పి మొదటి లెన్సులు పోశాడు. ఒక్క రోజు వాడి పారేసే లెన్సు బజారుకు రావడానికి అక్కణ్నుంచి మరో ముప్పై ఏళ్లు పైనే పట్టింది.

మా చెల్లి భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతోంది, మైనస్ నాలుగు. పోయిన నెల దానికీ పెట్టించాను, కాకినాడలో అదే డాక్టరుగారి దగ్గర. ముందు చిన్నాన్న ఒప్పుకోలేదు. "ఒక కన్ను ఎలా పోతుందో నాకు తెల్సురా, ఆడపిల్లకు ఎందుకీ తలనొప్పి" అన్నాడు. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, చేతులు కడగడం నుంచి లెన్సు పారేయడం దాకా ఆయన ముందే చేయించాను. మంచి కన్ను దగ్గరగా పెట్టి, రేకు చించడం, లెన్సు వేలి మీదకి రావడం అంతా చూశాడు. ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "రేపు మళ్లీ ఇది కాదు కదా?" అని అడిగాడు. కాదన్నాను. అప్పుడు చెల్లి వైపు తిరిగి, "అయితే చేతులు మళ్లీ ఒకసారి తుడుచుకో అమ్మా, బొటనవేలు తడిగా ఉంది" అన్నాడు.